మిరప చేతులు

మా చెల్లెలి కొడుకు బోర్లా పడే వయసుకి వచ్చినా, వాళ్ళమ్మ వాణ్ణి ఒక్కసారి కూడా చేతులతో ఎత్తుకోలేదు. పాలు మాత్రం ఇచ్చేది. పక్కకి తిరిగి పడుకుని రెండు చేతులూ తలగడ కింద దూర్చుకునేది. నేనో మా అమ్మో పిల్లవాణ్ణి తెచ్చి దాని పక్కలో పడుకోబెట్టాలి. వాడు తాగడం అయ్యాక మళ్ళీ మేమే తీసుకోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు దాన్ని బాలింత గారాబం అనుకున్నారు. ఒకావిడైతే నా మొహం మీదే, "మీ చెల్లెలు మరీ సుకుమారంలే అమ్మా" అంది. ఆవిణ్ణి నేనేమన్నానో ఇక్కడ రాయను. మా వీధిలో నాకు నోటిదురుసు మనిషినని పేరుంది. ఆ రోజు ఆ పేరు నిలబెట్టుకున్నాను.

ఆ చేతుల సంగతి చెప్పాలంటే ముందు పాప సంగతి చెప్పాలి. పాప ఆ పిల్లవాడికి అక్క. వాడు పుట్టక ముందే పోయింది.

మాది సత్తెనపల్లి నుంచి ఇంకా లోపలికి ఆటోలో వెళ్ళాల్సిన ఊరు. పత్తి, మిరప తప్ప మరో మాట వినపడదు. జనవరి నెల గడిచేసరికి మిరప కోతలు ఊపందుకుంటాయి. తెల్లవారకముందే ఆటోలు వచ్చి ఆడవాళ్ళని పొలాలకి తోలుకుపోతాయి. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. అందుకని నేనెప్పుడూ కోతకి వెళ్ళలేదు. వసారాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంటాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. చెల్లెలిది ఊళ్ళో సంబంధమే, వాళ్ళిల్లు మా గోడ పక్కనే. మా మరిది గుంటూరు మార్కెట్ యార్డుకి మిరప టిక్కీలు, అంటే బస్తాలు, తోలే లారీ మీద పని చేస్తాడు కాబట్టి, కోతల కాలంలో ఆ మనిషి ఇంట్లో కనిపించడమే గొప్ప. ఆ రోజుల్లో చెల్లెలూ పాపా మా ఇంట్లోనే ఉండేవాళ్ళు.

ఇక్కడి ఆడవాళ్ళ చేతులు ఆ కాలంలో వేరు. పొద్దుటినించి సాయంత్రం దాకా పండు మిరపకాయ తెంపీ తెంపీ, గోళ్ళ సందుల్లో, చర్మంలో ఆ ఘాటు దిగిపోతుంది. సబ్బుతో రుద్దినా పోదు. ఆముదం రాస్తారు, మజ్జిగలో ముంచి కూర్చుంటారు. కళ్ళలో నలక పడితే వేలితో తీసుకోరు, భుజానికి రుద్దుకుంటారు. ముక్కు దురద పెడితే మోచేతితో తుడుచుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తమాషాగా ఉంటుందేమో, మాకు మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటినించీ ఆడవాళ్ళంటే అలాగే ఉంటారు.

ఆ ఏడు పాపకి నాలుగో ఏడు నడుస్తోంది. కోతలు మొదలైన కొత్తల్లో ఒక సాయంత్రం చెల్లెలు పొలం నించి వచ్చింది. పాప అప్పుడే దొడ్లో కూర్చుని లేచింది. చెల్లెలు ఆలోచన లేకుండా చెంబు తీసుకుని కడిగింది. పాప పెట్టిన కేకకి నేను మిషన్ వదిలేసి కుంటుకుంటూ పరిగెత్తాను. పిల్ల నేల మీద పడి దొర్లుతోంది. చెల్లెలు రెండు చేతులూ దూరంగా పెట్టుకుని అలాగే నిలబడి ఉంది. అమ్మ పెరుగు తెచ్చి పూసింది. కాసేపటికి పిల్ల తేరుకుని, వెక్కుతూ వెక్కుతూ నా ఒళ్ళో నిద్రపోయింది. అది నిజంగా మిరప మంటే. అందులో అనుమానం లేదు.

మర్నాటి నించి కడగడం, స్నానం, అన్నం తినిపించడం అన్నీ నాకే వచ్చాయి. నా చేతులకి దారం కోత తప్ప ఇంకేం ఉండదు కదా. చెల్లెలు సాయంత్రం రాగానే స్నానం చేసి, చీర మార్చుకుని, వసారా గట్టు మీద చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేది. పాప ఉరుక్కుంటూ వెళ్ళేది. "రాకే తల్లీ, అమ్మ చేతులు మండుతాయి" అనేది చెల్లెలు. పాప ఆగిపోయి, చెప్పినట్టే చేతులకి తగలకుండా పక్కనించి వెళ్ళి దాని డొక్కకి ఆనుకునేది. అప్పుడు చెల్లెలు మోచేతితో పాప తల నిమిరేది. మోచేతితో తల నిమరడం ఎప్పుడైనా చూశారా? జుట్టంతా చెదిరిపోతుంది. పాపకి అదో ఆట అయిపోయింది. సాయంత్రం అయితే చాలు, "మోచెయ్యి, మోచెయ్యి" అంటూ తన మోచెయ్యి పైకెత్తి చూపించేది. చెల్లెలు నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం.

దురద మాత్రం ఆగలేదు. చెల్లెలు ముట్టుకోవడం మానేసినా పాప కూర్చుంటే గోక్కునేది, పడుకుంటే గోక్కునేది. నిద్రలో పళ్ళు పటపటలాడించేది. నేను అడిగాను, "నువ్వు ముట్టుకోవడం లేదు కదే, ఇంకా మంటేంటి దీనికి?" అని. చెల్లెలు దానికీ జవాబు వెతుక్కుంది. తన విప్పిన చీర మీద పాప దొర్లుతోందట, ఆ చీరలో ఘాటు ఉంటుందట. ఆ రోజు నించి పని చీరలు గుమ్మం బయటే విప్పి తీగె మీద వేసేది. అయినా తగ్గలేదు. అయితే పక్కలో ఉంటుందనుకుంది. పాపని నా పక్కలో వేసి, తను వసారాలో చాప మీద పడుకోవడం మొదలుపెట్టింది. తగ్గలేదు. ప్రతిసారీ ఇంకో అడుగు వెనక్కి వేసేది. చివరికి మోచెయ్యి కూడా భయంభయంగా పెట్టేది.

ఈలోగా పాపకి పొట్ట పెరిగింది. మా అమ్మకి అది ముచ్చట. "నా మనవరాలికి బొజ్జ చూడవే" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేది. నేను జాకెట్లు కుట్టేదాన్ని, కొలతలు నాకు కనపడతాయి. పొట్ట పెరుగుతుంటే చేతులు సన్నబడుతున్నాయి. ఎంత పెట్టినా ఇంకా పెట్టమనేది. గోడ దగ్గర కూర్చుని పెచ్చులూడిన మట్టి గిల్లి నోట్లో వేసుకునేది. ఒకసారి నా మిషన్ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, కడుపులో ఎవరో తిరుగుతున్నారు" అంది. అమ్మ నవ్వి, "ఆకలి రాజుగారేమోలే" అంది. నేను పాపని ఊళ్ళో మందులిచ్చే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పాప నాలుక చూసి, "వేడమ్మా, మిరప సీజన్లో మన పిల్లలందరికీ ఇదే గోల. సబ్జా గింజలు పట్టండి" అన్నాడు. ఒక సిరప్ ఇచ్చాడు. అది గులాబీ రంగులో తియ్యగా ఉండేది, పాప ఇష్టంగా తాగేది.

అంగన్‌వాడీలో నులిపురుగుల మాత్ర వేసే రోజు పాప వెళ్ళలేదు, ఆ పొద్దు విరేచనాలు. టీచరమ్మ పాపం తనే మాత్ర పట్టుకుని ఇంటికొచ్చింది. మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అసలే పిల్లకి ఒళ్ళంతా వేడి చేసుంది. ఇప్పుడు మళ్ళీ వేడి మాత్ర వేస్తే తట్టుకుంటుందా? కోతలు అవనీ, అప్పుడు చూద్దాం."

"ఇది వేడి మాత్ర కాదండీ. నమిలి మింగేదే. పిల్లలందరికీ వేస్తున్నాం."

"మా పిల్ల సంగతి మాకు తెలుసమ్మా."

ఆవిడ వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. అప్పుడు పాపకి ఒళ్ళు కాలిపోతోంది. ఇంత జ్వరంలో వద్దులెండి, తగ్గాక కబురు పెట్టండి అని ఆవిడే వెళ్ళిపోయింది. ఎవరూ కబురు పెట్టలేదు. కోతల్లో కబుర్లు పెట్టే తీరిక ఎవరికుంది?

మార్చి ఎండలు ముదిరాక ఒకరోజు పాప పొద్దున్నే కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. తిన్నది తిన్నట్టు కక్కింది. తర్వాత తినకుండానే కక్కింది, పచ్చగా. పొట్ట చేత్తో తాకితే గడ్డ కట్టినట్టు గట్టిగా ఉంది. పొలానికి ఫోన్ చేయించాను. చెల్లెలు కూలీల మేస్త్రీ బండి మీద వచ్చింది, గోళ్ళు ఎర్రగా, చేతులు పైటకొంగులో చుట్టుకుని. ఆటోలో సత్తెనపల్లి వెళ్ళాం. అక్కడ చూసి, ఆలస్యం చెయ్యకుండా గుంటూరు తీసుకెళ్ళమన్నారు.

దారంతా పాప నా ఒళ్ళోనే ఉంది. చెల్లెలు ఎదురుగా కూర్చుంది. పాప మధ్యమధ్యలో కళ్ళు తెరిచి దానివైపు చేతులు చాపేది. ఇది ముందుకి వంగి గడ్డంతో పాప నుదురు రాసేది, మోచేతితో జుట్టు నిమిరేది. చేతులు మాత్రం కొంగులోంచి తియ్యలేదు. గుంటూరు ఆసుపత్రిలో దిగగానే కుళాయి కనపడితే వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. పాపని లోపలికి తీసుకెళ్ళడానికి బండి తెచ్చారు. నేను పడుకోబెడుతుంటే పాప నన్ను వదిలేసి దానివైపు తిరిగింది.

"అమ్మా, ఎత్తుకో."

చెల్లెలు తన చేతులు చూసుకుంది. ఇంకా తడిగా ఉన్నాయి. "అక్కా, నువ్వెత్తుకో. పుండు మీద కారం అవుతుంది" అంది.

నేను ఎత్తుకున్నాను. తర్వాత వాళ్ళు లోపలికి తీసుకెళ్ళారు. పాప మాకు మళ్ళీ మాట్లాడే పాపగా తిరిగి రాలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆవిడ బయటికొచ్చి నాకూ, అప్పుడే లారీ దిగి వచ్చిన మా మరిదికీ చెప్పింది. పాప పేగులో ఏలికపాములు ఉండ కట్టుకుపోయాయట. దారి పూర్తిగా మూసుకుపోయిందట, పేగు కుళ్ళిందట. నా మిషన్ అడుగున ఒక్కోసారి దారం ఉండలు కట్టి సూది కదలదు, అలా అన్నమాట. ఆ పోలిక నాకు అక్కడే తట్టింది, తట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. "మట్టిలోంచి గుడ్లు చేతులకి అంటి నోట్లోకి పోతాయమ్మా. మీ ఇంట్లో మరుగుదొడ్డి లేదా?" అని అడిగింది ఆవిడ. మా మరిది తల దించుకున్నాడు. ఉంది. కట్టించినప్పటి నించీ అందులో మిరప గోతాలు, మందు కొట్టే పంపు ఉన్నాయి. మేమందరం గట్టు వెనక్కే వెళ్ళేవాళ్ళం. పిల్లలు దొడ్లోనే కూర్చునేవాళ్ళు. ఆ మట్టిలోనే ఆడుకునేవాళ్ళు.

ఊరికి తిరిగొచ్చి అన్నీ అయిపోయాక నేను ఆ మరుగుదొడ్డిలో ఉన్నవన్నీ వీధిలోకి విసిరేశాను. గోతాలు పగిలి మిరపకాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. మరిది తనే వచ్చి పంపు బయట పెట్టాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు రాత అన్నారు. రాత కాదు, పురుగులు అన్నాను నేను. ఆ మాటకి నొచ్చుకుని కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. వెళ్ళనీ అనుకున్నాను. అమ్మ మాత్రం ఆ మాట వినపడినప్పుడల్లా లోపలికి వెళ్ళిపోయేది. ఆమెని నేను ఒక్క మాట అనలేదు. అనడానికి ఏం మిగిలింది, ఆమె అప్పటికే సగమైపోయింది.

చెల్లెలికి పురుగుల సంగతి చెప్పాం. తల ఊపింది. కానీ దాని మనసులో మరో లెక్క ఉంది. "పురుగులు తర్వాతక్కా. ముందు నా చేతుల మంట లోపలికి పాకింది. నెలల తరబడి గోక్కుంది కదా పిల్ల. ఆ మంటకే పేగు పాడైంది, పాడైన చోటే పురుగులు చేరాయి" అనేది. నేను అరిచాను, తిట్టాను, బతిమాలాను. కానీ దురద సంగతి వచ్చేసరికి నేనూ అది మిరపదేననుకున్నాను. డాక్టరమ్మ పేగు గురించి చెప్పింది గానీ, దురద గురించి మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

చెల్లెలు మళ్ళీ కోతకి వెళ్ళలేదు. ఒక కోతల కాలం అది లేకుండానే దాటిపోయింది. అయినా చేతులు మాత్రం దానికి అలాగే ఉన్నాయి. మొగుడికి అన్నం గరిటెతో వడ్డించేది, కంచం అంచు పట్టుకుని జరిపేది. తన జుట్టు కూడా నాచేతే దువ్వించుకునేది. ఆ తర్వాత కడుపుతో ఉందని తెలిసినప్పుడు అమ్మ దండం పెట్టుకుంది, నేను కూడా ఇక కుదురుకుంటుందిలే అనుకున్నాను. కొడుకు పుట్టాడు. నర్సు బిడ్డని చేతికివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

వాడు తెల్లగా, బరువుగా, ఊరికే నవ్వే రకం. నా ఒళ్ళో ఉంటే మిషన్ చప్పుడుకి నిద్రపోయేవాడు. నిజం చెప్పొద్దూ, వాడు నన్ను చూసి నవ్వుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. అంతలోనే చాప మీద చెల్లెలి మొహం కనపడేది. వాడు నవ్వడం అది చూస్తూ ఉండేది, ఆకలిగా.

ఆ ఏడు కూడా అంగన్‌వాడీలో మాత్రలు వేసే రోజు వచ్చింది. మా వాడు మాత్ర వేసే వయసుకి చిన్నవాడే. అయినా నేను ఊరికే వెళ్ళి కూర్చున్నాను. పాపకి వెయ్యాల్సిన మాత్ర ఎలా ఉంటుందో చూడాలనిపించింది. తెల్లగా ఉంది. పిల్లలు చప్పరించి మొహాలు చిట్లిస్తున్నారు. కొత్తగా వచ్చిన నర్సమ్మ తల్లులని కూర్చోబెట్టి చెబుతోంది. "పిల్లలు రాత్రిపూట కింద గోక్కుంటుంటే దిష్టనీ వేడనీ అనుకోకండి. సన్నగా తెల్ల దారప్పోగుల్లాంటి పురుగులుంటాయి. పిల్లలు పడుకున్నాక బయటికొస్తాయి. దానికే ఆ దురద. గోక్కున్న గోళ్ళే నోట్లో పెట్టుకుంటే మళ్ళీ లోపలికి పోతాయి."

నేను లేచి నిలబడ్డాను. "పెద్ద పాములు ఉన్న కడుపులో ఈ సన్నవి కూడా ఉంటాయా?" అని అడిగాను.

"ఎందుకుండవమ్మా, రెండూ కలిసి ఉండే పిల్లలు ఎంతమందో."

ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలీదు. ఈ కాలుతో అంత వేగంగా నేనెప్పుడూ నడవలేదు. నాకు లోపల సంతోషం లాంటిది పొంగుతోంది. నా చెల్లెలి చేతులు నేను తిరిగి తెస్తున్నాననుకున్నాను. చెల్లెలు చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది, పిల్లవాడు దాని ముందు కాళ్ళు తన్నుకుంటున్నాడు. చేతులు తలగడ కిందే ఉన్నాయి. నేను ఆయాసపడుతూ కూర్చుని చెప్పాను.

"దురద నీ చేతులది కాదే. అదీ పురుగులదే. నర్సమ్మ చెప్పింది, సన్న పురుగులు ఉంటాయంట, వాటికే గోక్కుంటారంట. నీ చేతులేం చెయ్యలేదు."

అది పడుకునే అడిగింది, "మొదటి రోజు?"

"ఆ ఒక్క రోజే మిరప. పెరుగు పూస్తే తగ్గిపోయింది కదా. ఆ తర్వాతదంతా పురుగులే."

చెల్లెలు లేచి కూర్చుంది. తలగడ కిందనించి చేతులు తీసి, ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి తిప్పి చూసుకుంది. మెత్తగా, తెల్లగా ఉన్నాయి, మిరప తగిలి ఎంతో కాలమైంది. నేను అది నవ్వుతుందేమోనని దాని మొహమే చూస్తున్నాను. అంత తెలివితక్కువదాన్ని నేను.

"అయితే ఆ రోజు ఆసుపత్రిలో అది ఎత్తుకోమన్నప్పుడు నేను ఎత్తుకోవచ్చన్నమాట" అంది.

నేను దానివైపు జరిగాను.

"అన్ని సాయంత్రాలూ ఎత్తుకోవచ్చన్నమాట అక్కా. అది మోచెయ్యి అడుగుతుంటే, నేను మోచెయ్యే పెట్టాను."

తర్వాత అది వంగి కొడుకు చంకల కింద చేతులు పెట్టి పైకి తీసింది. పట్టు మర్చిపోయినట్టు, వాణ్ణి గుండెకి మరీ గట్టిగా అదుముకుంది. వాడికి ఆ చేతులు తెలీవు. బిగుసుకుపోయి గుక్కపట్టి ఏడుస్తూ, దాని భుజం మీద నించి మెడ తిప్పి నాకోసం చూశాడు. ఎన్ని నెలలుగానో వాడు ఏడిస్తే ఎత్తుకుంటున్నది నేనే కదా, నా చేతులు వాటంతటవే ముందుకి వెళ్ళబోయాయి.

నేను తీసుకోలేదు. వాళ్ళిద్దరూ అలా ఏడుస్తూనే ఉన్నారు.